కనక అన్న ఒక్క మాట

నవంబరు పన్నెండు, బుధవారం. ఉదయం 7.05కి కనక చనిపోయింది.

వయసు డెబ్బై దాటింది. తల వెనక గాయం. ప్రాణం పోయే ముందు ఒకే ఒక్క మాట అంది. మూడుసార్లు అంది.

"ఏరు."

ఆ మాట విన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు కనక ఇంట్లో పెరిగిన స్వామి. ఇరవై ఆరేళ్ళవాడు. రెండోవారు ఆశా వర్కర్ కృపావతి. ప్రతి బుధవారం పొద్దున్నే వచ్చి కనకకి బీపీ చూసి మాత్రలు ఇచ్చి వెళ్తుంది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బిందుమాధవి మెట్టగరువు చేరేసరికి 8.40 అయింది. డుంబ్రిగుడ నుంచి తొమ్మిది కిలోమీటర్లు. చివరి రెండూ నడకే. మంచు ఇంకా విడలేదు. పది అడుగుల అవతల కాఫీ మొక్కలు కనిపించడం లేదు.

శవం మంచం మీద ఉంది. దిండు తడిగా ఉంది. చీర మెడ దగ్గర, ఛాతీ దగ్గర తడిసింది. హెడ్ కానిస్టేబుల్ వరహాలు సెల్‌ఫోన్‌తో ఇరవై రెండు ఫొటోలు తీశాడు.

బిందుమాధవి స్వామిని అరుగు మీద కూర్చోబెట్టి అడిగింది.

"ఆవిడ నీకేమవుతుంది?"

"మేనత్త మేడమ్. మా నాన్నకి అక్క. నాన్న లేడు. ఈవిడే పెంచింది."

"నువ్వు ఎప్పుడు చూశావు?"

"తోటకెళ్ళి ఆరున్నర దాటాక తిరిగొచ్చాను. అప్పటికే మంచం మీద పడి ఉంది. తల కింద రక్తం. ఏరు, ఏరు అంది. గెడ్డ దగ్గరే ఏదో జరిగుంటుంది."

"గెడ్డ దగ్గర ఎవరుంటారు?"

స్వామి మంచులో కనపడని కొండవాగు వైపు చెయ్యి చూపించాడు.

"బుధు పొలం ఉంది."

బుధుకి యాభై ఏళ్ళు. అంతకుముందు వారం అతని ఎద్దులు కనక చోడిచేలో పడి రాగిపంట మేశాయి. సంతలో పదిమంది ముందు ఇద్దరూ తిట్టుకున్నారు. కాళ్ళు విరగ్గొడతానని బుధు అన్నాడు. విన్నవాళ్ళు ఉన్నారు. బిందుమాధవి అతన్ని పిలిపించింది.

"ఇవాళ పొద్దున్న ఆరింటికి ఎక్కడున్నావు?"

"గెడ్డకాడ. పొలంలో."

"నీతో ఎవరున్నారు?"

"ఎవులూ నేరు."

"కనక అక్కడికి వచ్చింది."

"ఈ పొద్దు ఆయమ్మి గెడ్డకాడికి రానేదు మేడమ్."

"వచ్చిందని ఆవిడే చెప్పి చనిపోయింది."

బుధు తల అడ్డంగా ఊపాడు. 11.30కి అరెస్టు. మర్నాడు రిమాండ్.

కేసు గట్టిగానే కనిపించింది. తగాదా ఉంది. చోటు తెలుసు. మరణ వాంగ్మూలం ఉంది. నీళ్ళ కోసం గెడ్డకి వెళ్ళిన మనిషిని రాతితో కొట్టాడు. ఆమె తడిసిన బట్టలతో నాలుగు వందల మీటర్లు నడిచి ఇంటికొచ్చి పడిపోయింది. బిందుమాధవి అలాగే రాసింది. పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంతకంటే తేలిగ్గా రాసిన కేసు ఆమెకి గుర్తులేదు.

*

నవంబరు ఇరవై మూడు, ఆదివారం. సాయంత్రం 4.15.

స్టేషన్‌కి ఒక అమ్మాయి వచ్చింది. పేరు లావణ్య. విశాఖపట్నంలో భాషాశాస్త్రం పరిశోధన చేస్తోంది. రెండేళ్ళుగా కనక దగ్గరికి వచ్చి కూబి మాటలు రికార్డు చేసుకుంటోంది. కూబి అంటే కొండదొరల సొంత భాష. ఇప్పుడు చాలామంది ఇళ్ళలో తెలుగే నడుస్తోంది.

"నా నోటుపుస్తకాలు రెండు కనకమ్మ ఇంట్లో ఉండిపోయాయి మేడమ్. ఇంటికి సీలు వేశారట."

"రేపు ఇప్పిస్తాను. కూర్చోండి."

వరహాలు టీ తెచ్చాడు. లావణ్య గ్లాసు పట్టుకుని కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"పోయేముందు ఏమైనా మాట్లాడిందా?"

"ఒక్కటే మాట. ఏరు అంది. ఏటి దగ్గర కొట్టారు. ముద్దాయి జైల్లో ఉన్నాడు."

లావణ్య గ్లాసు కింద పెట్టింది.

"ఎవరైనా నీళ్ళిచ్చారా?"

"ఏమిటి?"

"కూబిలో ఏరంటే నీళ్ళు మేడమ్. ఆవిడ నీళ్ళడిగింది."

ఫ్యాన్ తిరుగుతోంది. బిందుమాధవి తన టీ పూర్తిగా తాగింది. గ్లాసు పక్కన పెట్టింది. తనకేమీ అనిపించకపోవడం ఆమె గమనించింది.

"వివరంగా చెప్పండి."

"తమిళంలో ఆరు అంటే నది. మలయాళంలోనూ అంతే. మనకి ఏరు. అన్నీ ఒకే కుదురులోంచి వచ్చిన మాటలు. ఈ కొండల్లో మాత్రం ఆ మాటకి అర్థం నీళ్ళు. కువిలో ఏయు. ఒరిస్సా వైపు కుయిలో ఏజు. గోండుల దగ్గర యేర్. కూబిలో అచ్చంగా మనలాగే, ఏరు. కొండమీద తాగేది పారే నీళ్ళే కదా. ఆ దారిలోనే మారి ఉంటుంది."

"అంటే మాట ఒకటే. అర్థం వేరు."

"అవును. ఇంకా చిక్కేమిటంటే కొన్ని అస్సలు మారలేదు. మన ఇల్లు వాళ్ళకి ఇలు. అందుకే వినేవాళ్ళు తమకి అర్థమైందనే అనుకుంటారు."

"ఊళ్ళో కూబి ఎవరికి వచ్చు?"

"ముసలివాళ్ళు ముగ్గురు. ఆ బుధుకి రాదు. వాళ్ళింట్లో ఆదివాసీ ఒడియా. వాళ్ళకి నీళ్ళంటే పాని."

"స్వామికి?"

"తెలీదు. నా ముందు ఎప్పుడూ తెలుగే మాట్లాడేవాడు. నేను రికార్డర్ తీస్తే లేచి వెళ్ళిపోయేవాడు."

లావణ్య పెన్‌డ్రైవ్ ఇచ్చింది. అందులో నలభై గంటల కనక గొంతు ఉంది.

"ఏరు గురించి ఎక్కడైనా ఉందా?"

"ఉంది. మొదటి నెలలోనే. వెతికి పెడతాను."

*

లావణ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బయటి బెంచీ మీద కూర్చుంది. బిందుమాధవి కేసు డైరీ తెరిచింది.

పదకొండు మంది వాంగ్మూలాలు. పదకొండు మందీ గెడ్డ అన్నారు. గెడ్డకాడ, గెడ్డ అవతల, గెడ్డలోకి. ఆ నీటికి ఊళ్ళో మరో పేరు లేదు. ఏరు అని రాసింది తనొక్కతే.

ఆమెది నూజివీడు వైపు. అక్కడ తమ్మిలేరు ఉంది, రామిలేరు ఉంది. ఏరు అనగానే ఆమెకి ఇసుక, గట్టు కనిపించాయి. డెబ్బై ఏళ్ళు గెడ్డ అన్న మనిషి చచ్చిపోతూ ఏరు అని ఎందుకంటుందని ఆమె అడగలేదు.

ఫొటోలు చూసింది.

ఏడో ఫొటో. చీర పైభాగం తడి. అంచు పొడి.

తొమ్మిదో ఫొటో. పాదాలు. ఎర్రమట్టి అంటుకుని పొడిగా ఉన్నాయి. గెడ్డలో దిగిన మనిషి పాదాలు కావవి.

పద్నాలుగో ఫొటో. మంచం పక్కన నేలమీద ఎండిన ఆనపకాయ బుర్ర. సగం నీళ్ళున్నాయి.

5.30కి కృపావతికి ఫోన్ చేసింది.

"ఆ రోజు నువ్వు ఇంట్లోకి వెళ్ళింది ఎన్నింటికి?"

"ఆరు యాభై మేడమ్. ఎల్లగానే నూటెనిమిదికి ఫోన్ కొట్టాను."

"అప్పుడు నీళ్ళ బుర్ర ఎక్కడుంది?"

"స్వామి సేతిలో ఉంది."

"ఆవిడ నీళ్ళు అని తెలుగులో అడిగిందా?"

"నేదు. ఏరు అనే అంది. ఆడు బుర్ర నోటికాడ పెట్టి పోశాడు. మింగలేకపోయింది. మొత్తం ఒంటి మీద ఒలికిపోయింది. మల్లీ ఏరు అంది. మల్లీ పోశాడు."

"ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"పోతున్న మనిసి నోట్లో నీల్లు పొయ్యడం... అందులో ఏటి సెప్పాల? మీరూ అడగనేదు."

నిజమే. అడగలేదు.

"స్వామి ఆవిడని ఏమని పిలిచేవాడు?"

"అమ్మా అని."

"మేనత్త అన్నాడు నాతో."

"కాయితాల్లో మేనత్త మేడమ్. ఆడికి మాస్టరుద్యోగం వొచ్చింది కదా. ఆడు కొండదొరోడు కాదని ఎవులో అర్జీ పెట్టారు. ఎస్టీ సర్టిఫికెట్ మీద ఎంక్వైరీ ఉంది. పదిహేడో తారీకున కనకమ్మని కూడా రమ్మన్నారు. ఆవిడ పోయిందని వాయిదా ఏశారు."

బిందుమాధవి ఆ తేదీ రాసుకుంది. పన్నెండుకీ పదిహేడుకీ మధ్య అయిదు రోజులు.

*

సోమవారం. 10.30కి జిల్లా ఆఫీసులో స్వామి సర్టిఫికెట్ ఎంక్వైరీ ఫైలు కాపీ తీసుకుంది. ఒంటిగంటకి క్లూస్ టీమ్ కనక ఇంట్లోకి వెళ్ళింది. పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ వెతకలేదు. అందరూ గెడ్డ ఒడ్డునే వెతికారు.

మధ్యాహ్నం మూడు గంటలు. కనక ఇంటి వసారా. స్వామి ఒక పీట మీద కూర్చున్నాడు. కృపావతి గుమ్మం దగ్గర నిలబడింది. లావణ్య లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. వరహాలు రాసుకుంటున్నాడు.

"స్వామీ, నీకు కూబి వచ్చా?"

"రాదు మేడమ్. ఒకటి రెండు ముక్కలు."

"ఏరు అంటే?"

"ఏరే. గెడ్డ."

"ఈ ఊళ్ళో గెడ్డని ఏరు అని ఎవరంటారు?"

స్వామి పీట మీద సర్దుకుని కూర్చున్నాడు.

బిందుమాధవి ఒక కాగితం అతని ముందు పెట్టింది.

"ఇది ఎంక్వైరీ కమిటీకి నువ్విచ్చిన అఫిడవిట్. నాలుగో పేరా చదువు."

స్వామి చదవలేదు. ఆమే చదివింది.

"నా మాతృభాష కూబి. చిన్ననాటి నుంచి ఇంట్లో ధారాళంగా మాట్లాడుతున్నాను. సంతకం నీదేనా?"

"నాదే."

"అక్కడ వచ్చని రాశావు. ఇక్కడ రాదంటున్నావు. ఏది అబద్ధం?"

స్వామి కాగితం వెనక్కి తోశాడు. వసారా చూరు నుంచి మంచునీళ్ళు ఒక్కో చుక్కే పడుతున్నాయి.

"అఫిడవిట్ అబద్ధం మేడమ్. ఉద్యోగం కోసం రాశాను."

ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు. బిందుమాధవి తల ఊపింది. ఆ జవాబు వస్తుందనే ఆమె అనుకుంది.

"సరే. కూబి రాని మనిషి ఆవిడ ఏరు అనగానే బుర్ర ఎందుకు తీశాడు?"

"తలకి దెబ్బ తగిలింది కదా. ఎవరైనా నీళ్ళిస్తారు."

"ఒకసారి ఇస్తారు. ఆవిడ ఏరు అన్న ప్రతిసారీ నువ్వు పోశావు. కృపావతి చూసింది. గెడ్డ పేరు చెప్తోందనుకుంటే ఎవరు కొట్టారని అడగాలి. నువ్వు అడగలేదు. ఆ మాటకి అర్థం ఆ గదిలో నీకొక్కడికే తెలుసు. తెలిసీ నాకు గెడ్డ అని చెప్పావు."

స్వామి నేల చూస్తున్నాడు.

"ఆ తడి చూసి నేను గెడ్డ నీళ్ళనుకున్నాను. గెడ్డలో దిగితే చీర అంచు ముందు తడుస్తుంది. అంచు పొడిగా ఉంది. పాదాలు పొడిగా ఉన్నాయి. అవి నువ్వు పోసిన నీళ్ళు. ఆవిడ ఆ రోజు ఇల్లు దాటలేదు. లోపల రోలు ఉంది. దాని అంచు కడిగేశావు. రాతి గుంటల్లో రక్తం మిగిలింది. రెండు గంటల క్రితం తీశారు."

"పొరపాటున కాలు జారి..."

"జారితే జారిందని చెప్పొచ్చు. బుధు పేరు ఎందుకు చెప్పావు?"

స్వామి గుమ్మం వైపు చూశాడు.

బిందుమాధవి లావణ్య వైపు చూసింది. లావణ్య ఒక మీట నొక్కింది.

కనక గొంతు వచ్చింది. దగ్గింది. వెనక ఎక్కడో కోడి కూసింది.

"ఏరు... మా స్వామిగుంటడికి నాను నేర్పిన తొలిమాట అదే. ఆడి తల్లి దిగువ నుంచి రోడ్డుపన్లకి వొచ్చింది. జొరమొచ్చి పోయింది. ఆడికి మూడేళ్ళు. నాకాడికి తెచ్చుకున్నాను. నీల్లు, నీల్లు అని ఏడిసేవోడు. నాకు తెలుసును, నీల్లంటే ఏటో. అయినా ఇచ్చేదాన్ని కాను. ఏరు అను, ఇత్తాను అనేదాన్ని. రెండోనాడు అన్నాడు. బుర్రెడూ తాగేశాడు."

రికార్డింగ్‌లో కనక నవ్వింది.

"ఆపండి మేడమ్" అన్నాడు స్వామి.

లావణ్య ఆపింది.

కృపావతి గుమ్మానికి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఎవరూ ఆమెని లేపలేదు.

స్వామి చెప్పడం మొదలుపెట్టాడు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. గొంతులో హెచ్చుతగ్గులు లేవు.

"కమిటీ ముందు ఒక్క మాట చెప్పమన్నాను. తమ్ముడి కొడుకని. బడిలో చేర్చినప్పుడు ఆవిడే రాయించింది, తండ్రి పేరు దగ్గర తమ్ముడి పేరు. ఇప్పుడు చెప్పనంది."

"ఎందుకు?"

"ఆడికి పెళ్ళే అవనేదు, ఆడి కొడుకువని ఎలా సెప్తాను అంది. నువ్వు నా కొడుకువి, అడిగితే అదే సెప్తాను అంది. కొడుకని చెప్తే చాలదమ్మా, పుట్టుక కావాలి అన్నాను. నాకాడ పెరగనేదా, నా మాట మాట్లాడతన్నావు కదా, ఇంకేటి కావాల వాళ్ళకి అంది. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట."

"తరవాత?"

"భుజాలు పట్టుకున్నాను."

"తోశావా?"

"తోశాను."

"టైమ్?"

"ఆరుంపావు."

"అంబులెన్సుకి ఫోన్ చేసింది కృపావతి. ఆరు యాభైకి. ముప్పై అయిదు నిమిషాలు నువ్వేం చేశావు?"

"మంచం మీద పడుకోబెట్టాను. రోలు కడిగాను. పక్కన కూర్చున్నాను."

"ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"బతికితే సెప్పేస్తాదని."

అప్పటిదాకా బడిలో నేర్చుకున్న తెలుగే మాట్లాడాడు. అది పోయింది.

"ఎవులు తోశారని అడిగితే నా పేరు సెప్పేస్తాది. ఆయమ్మికి అబద్దం రాదు. నీల్లడిగితే మాత్రం ఇచ్చాను మేడమ్. అడిగినప్పుడల్లా ఇచ్చాను."

వరహాలు రాయడం ఆపాడు. బిందుమాధవి రాయమని చెప్పింది.

4.20కి అరెస్టు మెమో నింపింది. పేరు. వయసు. చిరునామా. తండ్రి పేరు దగ్గర ఆగింది.

"తెలీదు" అన్నాడు స్వామి.

ఆ గడిలో తెలియదని రాసింది. ఆ పక్కనే ఖాళీ ఉంది.

"తల్లి పేరు?"

"కనక."

అలాగే రాసింది. అతను సంతకం పెట్టాడు.

*

బుధు విడుదలకి ఇంకో నాలుగు రోజులు పట్టింది. కోర్టులో రిపోర్టు వేయాలి, ఆర్డరు రావాలి, అది జైలుకి చేరాలి. ప్రతి కాగితం వెనక బిందుమాధవే తిరిగింది. వరహాలుని పంపలేదు.

నవంబరు ఇరవై ఎనిమిది, శుక్రవారం. మధ్యాహ్నం 1.50. కొండ కింద సబ్‌జైలు గేటు.

బుధు బయటికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. గడ్డం పెరిగింది. అరెస్టు రోజు వేసుకున్న చొక్కానే వేసుకున్నాడు. ఆమెని చూసి ఆగాడు. మళ్ళీ తీసుకెళ్ళడానికి వచ్చిందనుకున్నాడేమో, రెండు చేతులూ కొంచెం ముందుకి పెట్టాడు.

"అందుకు కాదు" అంది బిందుమాధవి. "నిన్ను వదిలేశారు. స్వామి ఒప్పుకున్నాడు."

"సెప్పారు లోపల."

"తప్పు నాది. ఆవిడ అన్న మాట నాకు అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాను. ఆవిడ గెడ్డకి రాలేదని నువ్వు చెప్పావు, నేను వినలేదు."

బుధు రోడ్డు వైపు చూశాడు. ఒక లారీ వెళ్ళింది. దుమ్ము లేచి అణిగింది.

"డుంబ్రిగుడ బస్సెప్పుడు?"

"రెండుంపావుకి. జీపుంది. దింపుతాను."

"వొద్దు మేడమ్. బస్సుకెల్తాను."

బస్టాపులో సిమెంటు బెంచీ ఉంది. బుధు ఒక చివర కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. బిందుమాధవి జీపు డ్రైవర్‌ని వెళ్ళిపొమ్మని చెప్పి వచ్చి రెండో చివర కూర్చుంది.

బస్సు 2.40కి వచ్చింది. బుధు ముందు తలుపులోంచి ఎక్కాడు. ఆమె వెనక తలుపులోంచి ఎక్కింది. బస్సు సగం ఖాళీగా ఉంది. అతను కిటికీ పక్కన కూర్చుని సంచి పక్క సీట్లో పెట్టాడు. అతని వెనక నాలుగు వరసల తరవాత ఆమె కూర్చుంది.

ఘాట్ రోడ్డు మొదలైంది.